అరుపులోని శాస్త్రం: ఒక మెటల్‌కోర్ తొలి ఆల్బం గురించి

సెలవులకు వచ్చిన మా అబ్బాయి గదిలోంచి ఒక రాత్రి వినవచ్చిన అరుపు ఈ వ్యాసానికి మూలం. ఎవరికో ఏదో ప్రమాదం జరిగిందనుకొని తలుపు తోసుకొని వెళ్ళాను. వాడు చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకొని, గోడవైపు తిరిగి, అభ్యాసం చేస్తున్నాడు. కళాశాలలో మిత్రులతో కలిసి ఒక బృందం కట్టాడట. అందులో గాత్రం వాడిదేనట. ఆ సంవత్సరం చివరికి కొన్ని పాటలు రికార్డు చేయాలని వారి సంకల్పం. నేను తండ్రిగా కోప్పడి, వైద్యుడిగా హెచ్చరించాను: "ఇలా అరిస్తే గొంతు పోతుంది." వాడు నిదానంగా అడిగాడు: "నాన్నా, నువ్వు డాక్టరువి కదా. ఇలా అరిచినప్పుడు లోపల ఏం జరుగుతుందో చెప్పు. ఏది పాడవుతుందో, ఎందుకు పాడవుతుందో చెప్పు."

నేను చెప్పలేకపోయాను. ముప్పయ్యేళ్ళ వైద్యవృత్తి తర్వాత కూడా నా హెచ్చరిక వెనుక ఉన్నది శాస్త్రం కాదు, అయిష్టం మాత్రమేనని ఆ రాత్రి తెలిసింది. వాడు నా చేతిలో ఒక ఆల్బం పెట్టి, "ముందు ఇది విను, తర్వాత తిట్టు" అన్నాడు. అది అమెరికాకు చెందిన కిల్‌స్విచ్ ఎంగేజ్ అనే మెటల్‌కోర్ బృందం 2000లో తమ పేరుతోనే విడుదల చేసిన తొలి ఆల్బం. నిడివి అరగంట పైచిలుకు. పాటలు తొమ్మిది. వినడానికి నాకు పట్టిన కాలం మాత్రం మూడు వారాలు. ఆ మూడు వారాలలో నేర్చుకున్నదాన్ని, ఈ సంగీతంతో పరిచయం లేని, బహుశా ఇష్టం కూడా లేని, నా వయసు పాఠకుల కోసం ఇక్కడ వివరిస్తాను.

రెండు పాయల కలయిక

మెటల్‌కోర్ అనే మాట రెండు మాటల సంధి. హెవీ మెటల్‌లోని 'మెటల్', హార్డ్‌కోర్ పంక్‌లోని 'కోర్'. ఈ రెండూ 1980ల ఆరంభంలో దాదాపు పొసగని కుటుంబాలు. మెటల్‌ది నైపుణ్య ప్రదర్శన: వేగవంతమైన వాద్యం, పొడుగాటి పాటలు, పెద్ద వేదికలు. హార్డ్‌కోర్‌ది దానికి పూర్తి విరుద్ధమైన దారి. వాషింగ్టన్‌లో మైనర్ థ్రెట్, న్యూయార్క్‌లో అగ్నాస్టిక్ ఫ్రంట్ వంటి బృందాలు రెండు నిమిషాలైనా నిండని పాటలను, అద్దెకు తీసుకున్న చిన్న హాళ్ళలో, శ్రోతల భుజాలు తగిలేంత దగ్గరగా నిలబడి పాడేవి. అక్కడ గొప్పగా వాయించడం కంటే నిజాయితీగా చెప్పడమే ముఖ్యం.

1980ల మధ్యకు వచ్చేసరికి క్రో-మాగ్స్ వంటి న్యూయార్క్ బృందాలు మెటల్ గిటారు బరువును హార్డ్‌కోర్‌లోకి తెచ్చాయి. 1991లో క్లీవ్‌లాండ్ బృందం ఇంటెగ్రిటీ తన తొలి ఆల్బం 'దోజ్ హూ ఫియర్ టుమారో'ను, 1995లో సిరక్యూస్ బృందం ఎర్త్ క్రైసిస్ తన తొలి ఆల్బం 'డిస్ట్రాయ్ ద మెషీన్స్'ను వెలువరించాయి. మెటల్‌కోర్ తొలి తరానికి ఇవి గుర్తులు. అదే కాలంలో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నగరంలో ఎట్ ద గేట్స్, ఇన్ ఫ్లేమ్స్ వంటి బృందాలు కర్ణకఠోరమైన డెత్ మెటల్‌లో జంట గిటార్ల మాధుర్యాన్ని కలిపాయి. మసాచుసెట్స్ యువకులు ఈ స్వీడిష్ రికార్డులను శ్రద్ధగా విన్నారు. న్యూయార్క్ బరువు, గోథెన్‌బర్గ్ మాధుర్యం కలిసిన చోట మెటల్‌కోర్ రెండవ తరం మొదలయింది.

వెస్ట్‌ఫీల్డ్ నుంచి ఒక ఆల్బం

మసాచుసెట్స్ పడమటి భాగంలో వెస్ట్‌ఫీల్డ్ అనే చిన్న పట్టణం ఉంది. గుర్రపుబండ్ల కాలంలో కొరడాల తయారీకి ప్రసిద్ధి కావడంతో దానికి 'విప్ సిటీ' అన్న పేరు ఇప్పటికీ నిలిచింది. కిల్‌స్విచ్ ఎంగేజ్ 1999లో అక్కడే రూపుదిద్దుకుంది. ఓవర్‌కాస్ట్ అనే బృందం విచ్ఛిన్నమయ్యాక దాని బాస్ గిటారిస్టు మైక్ డి'ఆంటోనియో, ఆఫ్టర్‌షాక్ అనే మరో బృందంలోని ఆడమ్ డట్కీవిచ్, జోయెల్ స్ట్రోట్జెల్‌లతో చేతులు కలిపాడు. గాయకుడిగా జెస్సీ లీచ్ చేరాడు. పేరు 'ద ఎక్స్-ఫైల్స్' టెలివిజన్ ధారావాహికలో 1998లో ప్రసారమైన 'కిల్ స్విచ్' అనే భాగం నుంచి వచ్చింది.

తొలి ఆల్బం 2000 జులైలో న్యూజెర్సీకి చెందిన ఫెరెట్ మ్యూజిక్ అనే చిన్న సంస్థ ద్వారా వెలువడింది. బోస్టన్‌లోని బర్క్లీ సంగీత కళాశాలలో చదివిన డట్కీవిచ్ ఇందులో డ్రమ్స్ వాయించాడు, నిర్మాణ బాధ్యత కూడా వహించాడు. గ్రాఫిక్ కళాకారుడైన డి'ఆంటోనియో బృందం ఆల్బంలకు ముఖచిత్రాలు రూపొందిస్తూ వచ్చాడు. అంటే రాయడం, వాయించడం, రికార్డు చేయడం, అట్ట వేయడం వరకు పని చాలావరకు ఇంటివాళ్ళదే. పెద్ద అమ్మకాలేవీ లేకపోయినా ఈ ఆల్బం చేతులు మారి రోడ్‌రన్నర్ రికార్డ్స్ అనే పెద్ద సంస్థను చేరింది. దాని ఫలితం 2002లో వచ్చిన రెండవ ఆల్బం 'అలైవ్ ఆర్ జస్ట్ బ్రీతింగ్'. తొలి ఆల్బంలోని 'టెంపుల్ ఫ్రమ్ ద వితిన్', 'వీడే ఇన్ఫ్రా' అనే రెండు పాటలను అందులో మళ్ళీ రికార్డు చేశారు.

ఈ రెండవ పాట పేరు చూసి నేను నవ్వుకున్నాను. 'వీడే ఇన్ఫ్రా' అంటే లాటిన్‌లో 'కింద చూడుము' అని. తెలుగు మాధ్యమంలో చదివి వైద్యకళాశాలకు వచ్చిన మాకు పాత ఇంగ్లీషు వైద్యగ్రంథాలలో పేజీ పేజీకీ ఎదురైన సంకేతమిది. అర్థం తెలియక సీనియర్లను అడిగి తెలుసుకున్న మాట. ముప్పయ్యేళ్ళ తర్వాత మా అబ్బాయి హెడ్‌ఫోన్స్‌లో మళ్ళీ ఎదురైంది.

చెవికి వినబడేది ఏమిటి?

మొదటిసారి విన్నప్పుడు నాకు వినబడినది ఒకే ముద్ద శబ్దం. దాన్ని విడదీయడానికి మన సంగీత పరిభాషే ఉపకరించింది.

మొదటిది శ్రుతి. మామూలు గిటారులో అన్నిటికంటే మంద్రమైన తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. ఈ బృందం వాడే 'డ్రాప్ సి' అనే శ్రుతిలో ఆ తీగను సుమారు 65కు దింపుతారు. అప్పుడు కింది మూడు తీగలూ షడ్జమం, పంచమం, పై షడ్జమంగా అమరుతాయి. ఒక్క వేలు అడ్డంగా వేస్తే మూడూ కలిసి పలుకుతాయి. తంబురా తెలిసినవారికి ఈ స్వరసంబంధం కొత్త కాదు. గాంధారాన్ని వదిలివేయడానికి కారణం ఉంది. గిటారు ధ్వనిని యాంప్లిఫయర్‌లో కావాలని చిదిమి వికృతం చేసినప్పుడు ప్రతి రెండు స్వరాల మధ్యా అదనపు స్వరాలు పుడతాయి. షడ్జ పంచమాల వలె 2:3 వంటి సరళ నిష్పత్తి ఉంటే ఆ అదనపు స్వరాలు కూడా శ్రుతిలో ఒదుగుతాయి. గాంధారం చేరితే బురద అవుతుంది.

రెండవది స్వరస్థానాలు. ఈ తరహా సంగీతం ఎక్కువగా ఆధారపడే 'మైనర్' స్కేలు మన నఠభైరవి మేళం స్వరాలే. భయం పుట్టించదలచినప్పుడు తరచు శుద్ధ రిషభాన్ని తెచ్చి తోడి స్వరాల వైపు మొగ్గుతారు. గమకం లేదు కాబట్టి రాగం వినబడదు గాని మెట్లు మాత్రం పరిచితమైనవే.

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది, 'బ్రేక్‌డౌన్'. పాట వేగంగా సాగుతూ ఉన్నట్టుండి బరువుగా, నెమ్మదిగా మారే ఘట్టమిది. నిజానికి తాళం వేగం మారనవసరం లేదు. రెండవ కాలంలో నడుస్తున్న కీర్తన మొదటి కాలానికి దిగినట్టు, దెబ్బల మధ్య ఎడం రెట్టింపవుతుంది. అరచేతి అంచుతో అదిమిన గిటారు తీగలు, కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము ఒకే అక్షరాల మీద కలిసి పడతాయి. వేదిక ముందున్న జనం అంతా అప్పుడే కదులుతారు. డప్పుల జోరులో ఒక్కసారిగా దరువు మారినప్పుడు ఊరేగింపులో కాళ్ళు మారడం చూసినవారికి ఇది వివరించనవసరం లేదు.

అరుపు ఎక్కడ పుడుతుంది?

ఇక మా అబ్బాయి ప్రశ్నకు వస్తాను.

మన స్వరపేటికలో రెండు జతల మడతలు ఉంటాయి. కిందివి అసలు స్వరతంత్రులు. మాట్లాడేటప్పుడు ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలికి ఇవి పురుషులలో సెకనుకు సుమారు 100 నుంచి 130 సార్లు, స్త్రీలలో 200 సార్ల దాకా కలిసి విడిపోతూ ఉంటాయి. వీటికి కాస్త పైన మరొక జత ఉంది. వాటిని మిథ్యా స్వరతంత్రులు అంటాం. మామూలు మాటలో వీటికి పాత్ర లేదు. మింగేటప్పుడు, దగ్గేటప్పుడు, బరువు ఎత్తేటప్పుడు వాయుమార్గాన్ని మూయడానికి తోడ్పడతాయి. వైద్యకళాశాలలో మేము వీటి గురించి చదివినది రెండు వాక్యాలు.

శిక్షణ పొందిన మెటల్ గాయకుల గొంతులోకి సన్నని కెమెరా దించి చూసినప్పుడు తేలినదేమిటంటే, ఆ గరుకు శబ్దంలో పెద్ద భాగం ఈ పై మడతలదీ, వాటి చుట్టూ ఉన్న ఇతర కణజాలానిదీ. అవి దగ్గరకు వచ్చి క్రమం తప్పిన లయలో కంపిస్తాయి. అదే మన చెవికి గర్జనగా వినబడుతుంది. గాయకులు దీన్ని 'ఫాల్స్ కార్డ్' పద్ధతి అంటారు. తక్కువ గాలితో, స్వరతంత్రులను బిగించి పలికించే 'ఫ్రై' అనే మరో పద్ధతి కూడా ఉంది.

ఇది అమెరికా యువకులు కనిపెట్టినది కాదు. మధ్య ఆసియాలోని తువా ప్రాంతపు 'కర్గిరా' గానంలో, ఇటలీలోని సార్డీనియా ద్వీపపు పశులకాపరుల బృందగానంలో అడుగు స్వరం పాడే గాయకునిలో ఈ మిథ్యా స్వరతంత్రులే పనిచేస్తాయి. అసలు తంత్రులు రెండుసార్లు కంపించినప్పుడు ఇవి ఒకసారి కంపిస్తాయి. అందువల్ల గాయకుని సహజ శ్రుతికి ఒక స్థాయి కింద మంద్రస్వరం వినబడుతుంది. ఆ గాయకులు వృద్ధాప్యం దాకా పాడతారు. కాబట్టి "గరుకు స్వరం అంటే గాయం" అన్న నా సమీకరణం తప్పు.

రెండవ అపోహ శబ్దతీవ్రత గురించి. ఈ అరుపు వినేవారికి ఎంత పెద్దదిగా తోస్తుందో గొంతులో అంత పెద్దది కాదు. మైక్రోఫోన్ నోటికి ఆనుకొని ఉంటుంది. చిన్న శబ్దాలను పెద్దవాటి స్థాయికి తెచ్చే యంత్రాలు మిగతా పని చేస్తాయి. మైకు లేని రోజులలో పద్యనాటకం వేసిన మన నటులు తెల్లవార్లూ చివరి వరుస దాకా రాగాలాపన వినిపించడానికి పడిన శ్రమ ఇంతకంటే ఎక్కువేమో.

మరి ప్రమాదం ఎక్కడ? అసలు స్వరతంత్రులను బిగబట్టి, వాటి మీదుగా గాలిని బలంగా తోసినప్పుడు. అప్పుడు అవి ఒకదానినొకటి గట్టిగా కొట్టుకుంటాయి. ముందరి మూడోవంతు, వెనుకటి రెండు వంతులు కలిసే చోట ఒరిపిడి ఎక్కువ. అక్కడే మొదట వాపు, తర్వాత బుడిపెలు ఏర్పడతాయి. శిక్షణ లేకుండా రికార్డును అనుకరించే కుర్రవాళ్ళు చేసేది ఎక్కువగా ఇదే.

గాయకుడి కథ

తొలి ఆల్బంలో వినబడే జెస్సీ లీచ్ గొంతులో ఆవేశం ఉంది, పొదుపు లేదు. రెండవ ఆల్బం వెలువడిన 2002లోనే, మానసిక కుంగుబాటు, గొంతు ఇబ్బందుల మధ్య ఆయన బృందం వదిలి వెళ్ళిపోయాడు. ఆయన స్థానంలో వచ్చిన హోవర్డ్ జోన్స్ తొమ్మిదేళ్ళకు పైగా పాడాడు. 2012 ఆరంభంలో తప్పుకుంటూ, టైప్ 2 మధుమేహంతో తాను పడుతున్న పాట్లను బహిరంగంగానే చెప్పాడు. నెలల తరబడి బస్సులలో ప్రయాణం, వేళ తప్పిన తిండి, నిద్ర ఉండే వృత్తిలో చక్కెరను అదుపులో పెట్టడం ఎంత కష్టమో గల్ఫ్‌లో లారీలు నడిపే మన డ్రైవర్లకు వైద్యం చేసే నాకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ ఏడాదే లీచ్ తిరిగి వచ్చాడు. 2018లో స్వరతంత్రుల మీది బుడిపెకు శస్త్రచికిత్స చేయించుకున్నాడు. ఆ తర్వాత కొంతకాలం మౌనం, స్వరచికిత్స, గొంతును వాడే తీరును మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవడం. 2019లో 'అటోన్‌మెంట్' ఆల్బం వచ్చింది. తొలి ఆల్బం తర్వాత దాదాపు ఇరవై ఏళ్ళకు ఆయన ఇంకా పాడుతున్నాడు. ఈ కథ నుంచి నేను గ్రహించినది ఒకటే: ఆయన గొంతును కాపాడింది అరుపు మానడం కాదు, అరవడం నేర్చుకోవడం.

కోపమా, రౌద్రమా?

తల్లిదండ్రుల రెండవ భయం మనసు గురించి. ఇంత కోపం వింటే పిల్లలు కోపిష్టులు కారా? 2015లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇటువంటి సంగీతాన్ని ఇష్టంగా వినే 39 మంది యువతీయువకులకు మొదట కోపం తెప్పించే సంభాషణ జరిపి, తర్వాత కొందరిని తమకు నచ్చిన సంగీతం విననిచ్చారు, కొందరిని మౌనంగా కూర్చోబెట్టారు. సంగీతం విన్నవారి కోపం పెరగలేదు. చిరాకు మౌనంగా కూర్చున్నవారిలో తగ్గినట్టే వీరిలోనూ తగ్గింది. చిన్న అధ్యయనం, అందులోనూ అభిమానులపై చేసినది. ఇష్టం లేనివారికి బలవంతంగా వినిపిస్తే ఏమవుతుందో ఇది చెప్పదు. ఇంటివాళ్ళ రక్తపోటు సంగతి అసలే చెప్పదు.

మన అలంకారికులు ఈ చిక్కును ఎప్పుడో విడదీశారు. క్రోధం స్థాయీభావం, రౌద్రం రసం. వేదికపై భీముడు గర్జించినప్పుడు ప్రేక్షకుడు పక్కవాడిని కొట్టడు. ఆ క్రోధాన్ని దూరం నుంచి ఆస్వాదిస్తాడు. మా అబ్బాయి గదిలో జరిగేది కూడా అదే కావచ్చునని నాకు మొదట తోచలేదు. మన నేల మీద కూడా ఈ రౌద్రానికి గొంతులున్నాయి. హైదరాబాదుకు చెందిన గాడ్‌లెస్ అనే డెత్ మెటల్ బృందం 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' అనే తన తొలి పూర్తి ఆల్బంను విడుదల చేసింది.

నిజంగా జాగ్రత్తపడవలసినది చెవి గురించి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని ఎనిమిది గంటలకు మించి వినరాదని వృత్తిభద్రతా ప్రమాణం. ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. లెక్క వేసుకుంటే 100 డెసిబెల్స్ వద్ద మిగిలేది పదిహేను నిమిషాలు. లోపలి చెవిలోని కేశకణాలు చనిపోతే తిరిగి పుట్టవు. స్వరతంత్రుల వాపు విశ్రాంతితో తగ్గుతుంది, కేశకణాలకు ఆ అవకాశం లేదు.

సులైబియాలో రెండు గొంతులు

నేను పనిచేసేది సులైబియాలో. కువైట్ నగరానికి పడమర, ఎడారి అంచున ఉన్న ఊరు ఇది. ఒకవైపు వ్యవసాయ క్షేత్రాలు, మరోవైపు నగరపు మురుగునీటిని శుద్ధిచేసే బ్రహ్మాండమైన కేంద్రం, దేశానికంతటికీ పళ్ళు, కూరగాయలు చేరే టోకు మార్కెట్టు. ఎండాకాలం దుమ్ము, గదిలో ఏసీ పొడిగాలి. రెండూ గొంతుకు శత్రువులే. స్వరతంత్రుల పైపొర తడిగా ఉంటేనే అవి గాయపడకుండా కంపించగలవు.

అబ్బాయిని ఒక గొంతు వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాను. కెమెరాలో చూస్తే అంతా సవ్యంగా ఉంది. నేను చెప్పిన చోటనే స్వల్పంగా వాపు మాత్రం కనిపించింది. మూడు వారాల విశ్రాంతి, నీళ్ళు, ఆ తర్వాత శిక్షకుని వద్ద నేర్చుకోవడం. వాడు ఒప్పుకున్నాడు. రికార్డింగు నాలుగు నెలలు వాయిదా పడింది.

ఆ వారంలోనే రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒక యువకుడు నా వద్దకు వచ్చాడు. మార్కెట్టులో సరుకు దించే పని. మూడు నెలలుగా గొంతు బొంగురు. అదే పరీక్షకు పంపాను. అదే చోట, వాపు కాదు, ముదిరిన బుడిపెలు. లారీల రొద మీదుగా రోజుకు పది గంటలు కేకలు వేయడం వల్ల వచ్చినవి. అతనికీ అదే సలహా చెప్పాను: గొంతుకు విశ్రాంతి ఇవ్వాలి.

"అరవకుంటే పని ఎట్లా జరుగుతుంది సార్? మాట్లాడనోణ్ణి ఎవరు పెట్టుకుంటారు?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. కేకకు బదులు ఈల వాడమన్నాను, నీళ్ళసీసా దగ్గర పెట్టుకోమన్నాను, పొగ మానమన్నాను. వాళ్ళ మేస్త్రీకి చూపించడానికి ఒక కాగితం రాసి ఇచ్చాను. అది ఎంతవరకు పనిచేస్తుందో ఇద్దరికీ తెలుసు.

ఇష్టపడి అరిచేవాడికి శిక్షకుడు, మైకు, వాయిదా వేసుకోగల తీరిక ఉన్నాయి. పొట్ట కోసం అరిచేవాడికి అవేవీ లేవు. ఇన్నాళ్ళూ నేను భయపడవలసిన అరుపు ఏదో సరిగా గుర్తించలేదు. ఇప్పుడు బొంగురుగొంతుతో ఎవరు వచ్చినా, ఏం పాట పాడతావని కాదు, ఎక్కడ పనిచేస్తావని ముందు అడుగుతున్నాను. రెండు వారాలకు మించి బొంగురు తగ్గకపోతే, మూడోవారం దాటకముందే గొంతులోకి చూడమని పంపుతున్నాను. మీ ఇంట్లో గాయకుడున్నా, మీ ఊరినుంచి వచ్చిన కూలీ ఉన్నా, ఈ ఒక్క నియమం గుర్తుంచుకొంటే చాలు.

ఆ ఆల్బం ఇప్పటికీ నాకు పూర్తిగా ఇష్టమని చెప్పలేను. కాని 'వీడే ఇన్ఫ్రా' మొదలయినప్పుడు తలుపు వేయడం మానేశాను.